ఒకే లాగ్ ఫైల్‌కు పలు ప్రాసెస్‌లు రాస్తుంటే విడిగా లాక్ అవసరమా?

కృష్ణాతీరం: మా లినక్స్ సర్వర్‌లో పలు ప్రాసెస్‌లు ఒకే లాగ్ ఫైల్‌ను ఓ_అపెండ్‌తో (ప్రతి రాతా ఫైల్ చివరనే చేరాలనే ఐచ్ఛికంతో) తెరిచి రాస్తున్నాయి. ఒకరు రాస్తుండగా మరొకరు ఆగేలా విడిగా లాక్ పెట్టాలా?

సిస్టమ్స్‌మాస్టారు: అక్కరలేదు. ఓ_అపెండ్‌తో తెరిచినప్పుడు ఆఫ్‌సెట్‌ను (రాయాల్సిన స్థానాన్ని) ఫైల్ చివరికి జరపడానికీ డేటా రాయడానికీ మధ్య ఆ ఫైల్‌లో మరే మార్పూ జరగకూడదని యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉన్న పోసిక్స్ ప్రమాణమే చెబుతోంది. ఎక్స్‌ట్4 వంటి స్థానిక ఫైల్ సిస్టమ్‌లలో లినక్స్ ఐనోడ్ లాక్ (ఆ ఫైల్‌కు తనే లోపల వేసుకునే లాక్) పట్టుకునే రాస్తుంది కాబట్టి ఒకరి రాతపై మరొకరి రాత పడదు.

రాత్రిడ్యూటీ: 4096 బైట్లు దాటితే ఆ హామీ చెల్లదు.

సిస్టమ్స్‌మాస్టారు: అది పైపులకు (ఒక ప్రాసెస్ నుంచి మరోదానికి డేటా పంపే దారులకు) వర్తించే పైప్_బఫ్ పరిమితి. పోసిక్స్ కనీసం 512 ఉండాలంటే లినక్స్ 4096 ఇచ్చింది. మామూలు ఫైళ్లకు దానితో నిమిత్తం లేదు.

రాత్రిడ్యూటీ: నిమిత్తం లేకపోతే, నా పాత ఉద్యోగంలో సరిగ్గా 4096వ బైటు దగ్గరే లైను ఎందుకు తెగింది? "చెల్లింపు విఫ" అన్నచోట ఆగి, ఆ వెంటనే మరో ప్రాసెస్ రాసిన తేదీ మొదలైంది. ఆ తప్పును నా నెత్తిన రుద్దారు.

గోదారిగట్టు: సీ భాషలోని ప్రింట్‌ఎఫ్ వాడారేమో. ఫైల్‌కు రాసేటప్పుడు జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) బఫర్, అంటే డేటాను ముందు పోగుచేసే చోటు, సాధారణంగా 4096 బైట్లే. అది నిండితే లైను మధ్యలోనైనా, డేటాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించే రైట్‌ను పిలుస్తుంది.

సిస్టమ్స్‌మాస్టారు: అదీ సంగతి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) తనకు అందిన ముక్కలను చెదరకుండానే రాసింది. లైనును ముక్కలు చేసింది మీ ప్రోగ్రామే.

రాత్రిడ్యూటీ: అంటే మళ్లీ నాదే తప్పు! ఈ మాట అప్పుడూ విన్నాను. సరే, డిస్క్ నిండబోతే రైట్ సగమే రాసి తిరిగి రావచ్చు, మిగతా సగం రాసేలోపు మరొకరు దూరవచ్చు. ఎన్ఎఫ్ఎస్‌లో (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతిలో) అపెండ్ అన్నదే లేదు కాబట్టి క్లయింట్ దాన్ని అనుకరిస్తుందని, పలువురు ఒకేసారి రాస్తే ఫైల్ పాడవవచ్చని ఓపెన్ కాల్ మాన్ పేజీలోనే (లినక్స్ వివరణ పుటలోనే) ఉంది. రేపు ఎవరో ఆ డైరెక్టరీని ఎన్ఎఫ్ఎస్‌కు మారిస్తే మీ ప్రమాణం వచ్చి కాపాడుతుందా?

సిస్టమ్స్‌మాస్టారు: స్థానిక డిస్క్, ఒక లైనుకు ఒకే రైట్: నా మాట అంతవరకే. పైగా మీరు నమ్ముకున్న ఎఫ్‌లాక్ (ఫైల్‌కు లాక్ వేసే కాల్) కూడా దాన్ని తీసుకోని ప్రాసెస్‌ను ఆపలేదు.

రాత్రిడ్యూటీ: నా అభ్యంతరమే ఆ "అంతవరకే" మీద. ఆ షరతులను కోడ్‌లో ఎవరూ రాసిపెట్టరు; రాసినవారు ఉద్యోగం మారాక అవి ఎవరికీ తెలియవు. లాక్ ఉంటే, ఇక్కడ పలువురు రాస్తున్నారని తర్వాత వచ్చినవారికైనా కనబడుతుంది.

సిస్టమ్స్‌మాస్టారు: దానికి ఒక కామెంట్ చాలు. కామెంట్‌తో పోయేదానికి ప్రతి లైనుకూ రెండు సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌కు పిలుపులు) అదనంగా ఎందుకు?

కృష్ణాతీరం: మాది స్థానిక డిస్కే కానీ, ప్రింట్‌ఎఫ్ వాడుతున్నాం. ముందు దాన్ని తీసేస్తాను. మరి లాక్?

రాత్రిడ్యూటీ: పెట్టండి.

సిస్టమ్స్‌మాస్టారు: అక్కరలేదు.