నాన్న మంచాన పడ్డారు, అప్పీలు గడువు దాటిపోయింది. కోర్టు ఒప్పుకుంటుందా?

వ్యాసర్పాడి_వాసి:
ఇంటి వెనక స్థలం గురించి మా బాబాయి వేసిన దావాలో చెన్నై సిటీ సివిల్ కోర్టు తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ వారంలోనే నాన్నకు పక్షవాతం వచ్చింది. కాగితాలన్నీ ఆయనే చూసుకునేవారు, ఆస్పత్రి హడావిడిలో కేసు సంగతి మాకెవరికీ తట్టనే లేదు. 30 రోజుల గడువు దాటి నాలుగు నెలలైంది, కష్టం అంటున్నారు వకీలు గారు. తెలిసినాయనేమో ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 5 పిటిషన్ వేస్తే అదే అయిపోతుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

పెరంబూరు_బాబు:
మా అత్త కేసులో ఒప్పుకున్నారండీ. అవతలివాళ్లకు ఖర్చులు కట్టమన్నారు, అంతే. ధైర్యంగా ఉండండి.

ప్యారిస్_కార్నర్_వకీలు:
అదే అయిపోదండీ, అలాగని ఆశ వదులుకోవాల్సిన పనీ లేదు. 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 అప్పీళ్లకు, పిటిషన్లకు వర్తిస్తుంది (కొత్తగా వేసే దావాకు వర్తించదు), ఆలస్యానికి తగిన కారణం చూపించాలి. ఎన్ని రోజులన్నది కాదు, కారణం నమ్మేలా ఉందా అన్నదే ముఖ్యమని 1998లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన మద్రాసు హైకోర్టు నుంచి వెళ్లిన కేసే అది, అందులో 883 రోజుల ఆలస్యాన్ని మన్నించారు. అదే 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చి, ఫైలు టేబుళ్లు తిరిగిందని చెబితే ఒప్పుకోలేదు. కాబట్టి అఫిడవిట్‌లో 'ఆరోగ్యం బాగాలేక' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ తేదీన పడిపోయారు, ఎప్పుడు డిశ్చార్జి చేశారు, కేసు సంగతి మీకెప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు, అన్నీ వరుసగా రాయించండి. జడ్జి గారు ముఖ్యంగా చూసేది ఆ చివరిదే.

ఇంకోటి, తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) వెనక ముద్ర చూడండి. అర్జీ పెట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ అందులో ఉంటాయి. గడువులోపే అర్జీ పెట్టి ఉంటే కాపీకి పట్టిన రోజులు సెక్షన్ 12 కింద తీసేస్తారు, లెక్క కొంత తగ్గుతుంది.

వ్యాసర్పాడి_వాసి:
కాపీకి నాన్న తీర్పు మర్నాడే అర్జీ పెట్టించారట, ఇప్పుడే అమ్మ చెప్పింది! డిశ్చార్జి సమ్మరీ ఉంది గానీ ఇంటికొచ్చాక రెండు నెలలకు సర్టిఫికెట్ ఏమీ లేదు. తెలిసిన డాక్టరు పాత తేదీతో రాసిస్తానంటున్నారు.

ప్యారిస్_కార్నర్_వకీలు:
వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి వకీలు ప్రశ్నలు అడిగేటప్పుడు) అది తప్పుడు కాగితమని తేలిందా, నిజంగా జరిగింది కూడా నమ్మరు. ఫిజియోథెరపీ రసీదులు, ఓపీ చీటీలు, మందుల బిల్లులు ఏవున్నా జతచేయండి, వాటి మీద తేదీలుంటాయి కదా. ఈలోగా మీ బాబాయి ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు చేయించమనే పిటిషన్) వేస్తే ఇబ్బంది, ఎందుకంటే ఆలస్యం సంగతి తేలి అప్పీలు విచారణకు తీసుకునేదాకా స్టే ఇవ్వకూడదని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 41 రూల్ 3ఏలో ఉంది. అందుకే వచ్చే వారం దాకా ఆగకండి, అప్పీలు, ఆలస్యం పిటిషన్ రెండూ కలిపే వేయించి, పిటిషన్ త్వరగా విచారణకు తెమ్మని మీ వకీలు గారిని అడగండి.