పాత చేతి మెషీన్‌తో కాగితం తూటాలు నింపుదామంటే మూతి చిరిగిపోతోంది, ఎవరైనా చేశారా?

అటకమీదపెట్టె:
అందరికీ నమస్తే. మా తాతయ్య చెక్కపెట్టె ఒకటి అటక దించితే నా వాటాకి వచ్చింది. తెరిచి చూస్తే బల్ల అంచుకి బిగించే రోల్ టర్నోవర్ మెషీన్ (తూటా మూతిని లోపలికి చుట్టి మూసేది; పక్కన తిప్పే పిడి, వెనకనుంచి డొల్లని ముందుకి తోసే లివర్, తల మాత్రం నల్లగా తుప్పు), కాల్చిన ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందుకి నిప్పు అంటించేది) పొడిచి తీసే ఇనుప పుల్ల, గుంజలాంటి చెక్క దిమ్మె, పొడుగు పిడి ఉన్న ఇత్తడి కొలత, ఇంకా 12 బోర్ ఖాళీ కాగితం డొల్లలు ఓ నలభై దాకా ఉన్నాయి. లైసెన్స్ ఉంది, నేనుండే చోట సొంతంగా నింపుకోవడానికి పర్మిషన్ కూడా ఉంది, దయచేసి చర్చ అటు లాగకండి.

ముందు ప్రాక్టీస్‌కని ప్రైమర్ లేకుండా, మందు లేకుండా, ఉత్త అట్టబిళ్ళలూ సీసం గుళ్లూ పెట్టి మూతి మడత పెట్టి చూశా. పదింటిలో ఏడు పాడైపోయాయి. మూతి లోపలికి చుట్టుకోవాల్సింది పోయి పొరలు పొరలుగా విడిపోయి చీపురులా లేస్తోంది.

రెండో డౌట్. కొలత మీద ఒక వైపు 3, ఇంకో వైపు ఒకటీ ఎనిమిదో వంతు అని గీతలున్నాయి. మా బాబాయ్ ఏమో 3 దగ్గరికి ఇప్పటి పౌడర్ నింపి పోసేయ్, పాతవాళ్ళంతా అలాగే చేశారు అంటున్నాడు. నిజమేనా?

ఖాళీడొల్ల:
తమ్ముడూ ముందు మూతి సంగతి చెప్తా, పౌడర్ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్ళు వస్తారు.

ఆ మెషీన్ తల విప్పి లోపల చూడు, గిన్నెలా గుంట ఉండి దాంట్లో పిన్నులు ఉంటాయి, కాగితం అంచుని పట్టుకుని లోపలికి ఒంచేది అవే. తుప్పు పట్టినా, ఏళ్ల తరబడి తిప్పి తిప్పి గాడి పడినా అవి ఒంచవు, గీకేస్తాయి, నీ చీపురు కథ ఇదే అని నా అనుమానం. బాగా సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్ది, తర్వాత మెటల్ పాలిష్ పెట్టి గుడ్డతో మెరిసేదాకా తుడువు. గోరు పెట్టి లాగితే ఎక్కడా తగలకూడదు, అదే టెస్టు.

ఇక డొల్ల. ఆ గొట్టం అంటే జిగురు పెట్టి చుట్టిన కాగితం పొరలే, పైన మైనం ఉంటుంది. ఒకసారి కాల్చాక మూతి దగ్గర మైనం పోయి మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే జిగురూ చస్తుంది. ప్రైమర్ తీసేసిన ఉత్త డొల్ల మూతిని మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రం కరిగిన మైనంలో ముంచి తీసి, లోపల సరిగ్గా పట్టే నున్నటి చెక్క ముక్క దూర్చి గుండ్రంగా చేసి ఆరనియ్. మైనం నేరుగా మంట మీద పెట్టకు, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించు.

పై అట్టబిళ్ళ మీద ఎంత కాగితం మిగులుతోందో కూడా కొలిచి చూడు. ఆరు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే చక్కగా చుట్టుకుంటుంది. పది మిగిలిందనుకో ముడతలు పడుతుంది, మూడే ఉంటే పట్టు ఉండదు, మందుకీ గుళ్లకీ మధ్య పెట్టే ఫెల్ట్ బిళ్ళ ఇంకోటి వేసో తీసో సరిచేసుకోవాలి. తిప్పేటప్పుడు ముందు మెల్లగా, లివర్ మీద బరువు పెట్టకుండా తిప్పు, అంచు లోపలికి వాలడం మొదలయ్యాక అప్పుడు కొంచెం కొంచెం తోస్తూ పో. కొత్తలో అందరం చేసే తప్పు ఏంటంటే మొదట్లోనే గట్టిగా తోసేస్తాం, గొట్టం నడుం విరిగి కూర్చుంటుంది.

త్రాసుముల్లు:
బాబాయ్ మాట వినకండి సార్, పెద్దాయన మీద గౌరవంతోనే చెప్తున్నా.

ఆ 3 అంటే మూడు డ్రాములు, అదీ బ్లాక్ పౌడర్‌కి (తెలుగులో నల్లమందు అందామంటే అది వేరే సరుకు అయిపోతుంది, అందుకే ఇంగ్లీష్ పేరే వాడుతున్నా). రెండో గీత గుళ్లకి, ఔన్సుల్లో, అంటే దాదాపు 32 గ్రాములు. ఒక డ్రాము 27.34 గ్రెయిన్లు, మూడు అంటే 82 గ్రెయిన్లు, ఐదు గ్రాముల పైచిల్లర. ఇప్పటి స్మోక్‌లెస్ పౌడర్లు 12 బోర్‌లో మామూలుగా 20 గ్రెయిన్ల చుట్టుపక్కల ఉంటాయి, పౌడర్‌ని బట్టి మారుతుంది. అదే కొలత నిండా స్మోక్‌లెస్ పోస్తే బరువులో 82 రాదు కానీ రెండింతలో మూడింతలో పడుతుంది. తుపాకీ పగలడానికి అంత అక్కర్లేదు.

మరి పాతవాళ్ళు చేశారుగా అంటే అదీ అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. 19వ శతాబ్దంలో వచ్చిన షుల్ట్జ్ లాంటి తొలి స్మోక్‌లెస్ రకాల్ని బల్క్ పౌడర్లు అనేవాళ్ళు, బ్లాక్ పౌడర్ కొలతతోనే అంతే పరిమాణం పోసుకునేలా తయారుచేసినవి అవి. తర్వాత నోబెల్ 1887లో పేటెంట్ తీసుకున్న బాలిస్టైట్ లాంటి డెన్స్ (కొంచెం పోసినా చాలా బలం ఉండే) రకాలు వచ్చాక ఆ లెక్క చెల్లలేదు. అప్పట్లో కూడా రెండిటికీ ఒకే కొలత వాడి తుపాకులు పేల్చేసుకున్నవాళ్ళు ఉన్నారు. బాబాయ్ చూసింది బహుశా బల్క్ రకం అయ్యుంటుంది, ఇప్పుడు డబ్బాలో దొరికేది అది కాదు.

ఇంకో తిరకాసు, తూటాల పెట్టె మీద మూడు డ్రామ్ ఈక్వివలెంట్ అని రాస్తారు చూశారా, లోపల మూడు డ్రాముల మందు ఉందని కాదు, మూడు డ్రాముల బ్లాక్ పౌడర్‌తో వచ్చే వేగం వస్తుందని మాత్రమే.

కొలత గోడకి తగిలించుకోండి, అందంగా ఉంటుంది. పౌడర్ కంపెనీ వాళ్ళు ప్రింట్ చేసిన లెక్క, అదే డొల్ల, అదే ప్రైమర్, అదే బిళ్ళలకి ఇచ్చింది చూసి, త్రాసులో తూచి పోయండి. కాగితం డొల్లకి ఇచ్చిన లెక్క ప్లాస్టిక్‌కి గానీ, ప్లాస్టిక్ లెక్క కాగితానికి గానీ వాడకూడదు.

రెండుగొట్టాలు:
ఖాళీడొల్ల అన్నా, మైనం విషయంలో నీతో సగమే ఏకీభవిస్తా. ముంచితే బయట కూడా మందంగా పట్టి ఛాంబర్‌లోకి (తుపాకీలో తూటా కూర్చునే చోటు) వెళ్ళనని మొండికేస్తాయి, నాకు అయ్యింది. నేనైతే మైనం ముక్క మూతికి రుద్ది వెచ్చగా చేసిన ఇనుప కడ్డీ మీద తిప్పుతా, పల్చగా లోపలికి ఇంకుతుంది.

పోస్ట్ పెట్టిన బ్రదర్‌కి ఒక ప్రశ్న, తుపాకీ కూడా పాతదేనా? అయితే ఛాంబర్ కొలిపించారా? పాతవాటిలో 65 మిల్లీమీటర్లవి చాలా ఉంటాయి, ఇప్పటి డొల్లలు ఎక్కువగా 70. మోసం ఎక్కడంటే 70 డొల్లని రోల్ మడత పెడితే ఆరు తగ్గి 64 అవుతుంది, హాయిగా లోపలికి వెళ్ళిపోతుంది, సరిపోయింది అనుకుంటాం. కాల్చినప్పుడు మడత విప్పుకుని ఆ 70 అంతా ముందుకి సాగి తుపాకీ గొట్టం సన్నబడే చోట అడ్డంపడుతుంది, ప్రెజర్ పెరుగుతుంది. డమాస్కస్ గొట్టాలు (ఇనుమూ ఉక్కూ పెనవేసి చేసినవి, పైన అలల్లాంటి చారలు ఉంటాయి) అయితే తెలిసిన గన్‌స్మిత్ చూడకుండా ఏదీ కాల్చకండి.

డొల్లల్ని కూడా ఒక్కొక్కటి వెలుతురుకి పెట్టి లోపలికి చూడండి. డొల్ల అడుగున ఉండే ఇత్తడి అయిపోయిన చోటుకి కాస్త పైన సూదిబెజ్జాల్లా వెలుగు కనపడితే కాలిపోయినట్టు, పారేయడమే. అడుగున ఉండే కాగితం దిమ్మె కదులుతుంటే అదీ చెత్తబుట్టకే, ఊడి తుపాకీ గొట్టంలో ఇరుక్కుంటే తర్వాతి తూటాకి అదే అడ్డం.

అటకమీదపెట్టె:
అందరికీ థాంక్స్, వారం పట్టింది అందుకే లేటు. తల విప్పితే ఒక పిన్ను మీద కత్తితో కోసినట్టు గాడి ఉంది, ఖాళీడొల్ల అన్న చెప్పినట్టే. ఒక సాయంత్రం అంతా రుద్దా. మైనం మాత్రం రెండుగొట్టాలు గారి పద్ధతిలో రుద్దా. నిన్న పదింటిలో తొమ్మిది నున్నగా వచ్చాయి, లోపలికి తిరిగిన అంచు మీద వేలు తిప్పితే చిన్న ఉంగరంలా తగులుతోంది, తెగ ముచ్చటేసింది. పదోది నా తొందరే, లివర్ నొక్కేశా.

తుపాకీ గన్‌స్మిత్‌కి ఇచ్చా, ఛాంబర్ 65 అన్నాడు, గొట్టాలు మామూలు ఉక్కువే, బాగున్నాయి అన్నాడు. డొల్లలు మాత్రం 70 ఉన్నాయి. అంటే తాతయ్య కాలంలో ఇవి వేరే తుపాకీవి అనుకుంటా. వెలుతురు పరీక్షలో పదకొండు పోయాయి. మిగతావి కోసి 65 చేయొచ్చా?

బాబాయ్‌కి త్రాసుముల్లు గారి రిప్లై చదివి వినిపించా. ఏమీ అనలేదు, కొలత మాత్రం అడిగి తీసుకెళ్ళాడు, షోకేసులో పెట్టుకుంటాడట.

రెండుగొట్టాలు:
కోయొచ్చు. బిగుతుగా పట్టే గుండ్రటి చెక్క లోపల పెట్టి, పదునైన బ్లేడు కింద మెల్లగా దొర్లించండి, ఒకేసారి నొక్కితే అంచు మళ్ళీ పొరలు లేస్తుంది. కోశాక మూతికి మళ్ళీ మైనం. కోసిన వాటి ఇత్తడి మీద ఒక చుక్క రంగు పెట్టుకోండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఏది ఏదో తెలీదు.

త్రాసుముల్లు:
పొట్టి చేశాక లోపల జాగా తగ్గుతుంది సార్, 70కి ఇచ్చిన లెక్క దానికి పనికిరాదు. 65కి విడిగా ఇచ్చిన లెక్కే చూడండి.