ఆరుగురితో ఆదివారం సినిమా: సింగిల్ స్క్రీన్ బాల్కనీయా, మల్టీప్లెక్సా?

మలక్‌పేట_మధ్యతరగతి
వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ సినిమాకు వెళ్ళాలి. మొత్తం ఆరుగురం. నాన్నగారికి 71, షుగర్ ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పదో తరగతి అమ్మాయి, నాలుగేళ్ళ బాబు, మేమిద్దరం. సినిమా యూఏ 13+, టూడీ, నిడివి 2 గంటల 40 నిమిషాలు. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని పాత హాల్లో బాల్కనీ అని ఒకరు, మాల్‌లో మల్టీప్లెక్స్ అని ఒకరు. డబ్బు గురించే కాదు, అందరికీ తేలిగ్గా ఉండేది ఏది? "మేం చిన్నప్పుడు" కథలు వద్దండీ, లెక్కలూ కిటుకులూ చెప్పండి చాలు.

లెక్కల_మాస్టారు
ముందు టికెట్ సంగతి తేల్చేద్దాం. తెలంగాణలో 2021 డిసెంబరు జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠ ధర 150, మల్టీప్లెక్స్‌లో 250, రిక్లైనర్ అయితే 300. వీటి మీద జీఎస్టీ. వంద దాటిన టికెట్‌కు 18 శాతం కాబట్టి 177, 295. యాప్‌లో ఎప్పుడూ కనబడే ఆ వింత అంకెల వెనక ఉన్నది ఇదే. మీ ఆరుగురికి ఒకచోట 1,062, ఇంకోచోట 1,770. తేడా 708. పెద్ద హీరో సినిమా మొదటి రోజులైతే వేరే జీవోతో రేటు పెంచుకుంటారు, అప్పుడు ఈ లెక్క చెల్లదు.

బాబుకు టికెట్ తప్పదు. మూడేళ్ళు నిండితే సీటు కొనాల్సిందే అనే హాళ్ళే ఎక్కువ. యాప్ వాళ్ళ రుసుము కూడా బుకింగ్‌కు ఇంత అని కాదు, టికెట్‌కు ఇంత అని పడుతుంది. దాని మీద మళ్ళీ 18 శాతం. ఆరు టికెట్లకు ఆరుసార్లు వాత. ముందురోజు కౌంటర్ దగ్గరికి వెళ్ళే వీలుంటే అది మిగులుతుంది.

పాప్‌కార్న్ ధర చూసి జీఎస్టీని తిట్టకండి. టికెట్‌తో కలపకుండా విడిగా కొన్న తిండికి హాల్లో పన్ను 5 శాతమే. మంటంతా అసలు ధరలోనే ఉంది.

నైజాం_పోరడు
మాస్టారూ, మీరు చెప్పిన 708 రూపాయలు గా పాప్‌కార్న్ డబ్బాలకే సరిపోతయ్. అసలు ముచ్చట తెర. మన పెద్ద సినిమాలు ఎక్కువ స్కోప్‌లనే, అంటే బాగ వెడల్పు బొమ్మగ తీస్తరు. పాత హాళ్ళ తెర స్కోప్‌కే కొలిచి కట్టింది, అంచు నుంచి అంచు దాకా బొమ్మ నిండుతది. మాల్‌ల చిన్న స్క్రీన్‌ల పైనా కిందా నల్లపట్టీలు. 295 పెట్టి టీవీ చూసినట్టే ఉంటది. ఇంటర్వెల్ బ్యాంగ్‌కు జనం అరుస్తుంటే వచ్చే మజా మాల్‌ల యాడికెళ్ళి వస్తది? బాల్కనీకే పో అన్నా.

ప్రొజెక్టర్_గది
నైజాం తమ్ముడు చెప్పింది సగమే నిజం. స్కోప్ బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 2.39:1. ఫ్లాట్ అనే ఇంకో కొలతకు 1.85:1. ఫ్లాట్ కొలతతో కట్టిన 40 అడుగుల తెర ఎత్తు సుమారు 21.6 అడుగులు. దాని మీద స్కోప్ సినిమా వేస్తే బొమ్మ ఎత్తు 16.7 అడుగులకు దిగుతుంది, పైనా కిందా దాదాపు రెండున్నర అడుగుల చొప్పున నలుపు. అక్కడిదాకా ఒప్పుకుంటా.

కానీ బొమ్మ పెద్దదా చిన్నదా అనేది కంటికి తెర ఎంత వెడల్పున ఆనుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. 50 అడుగుల తెరను బాల్కనీ చివరి వరుసలో వంద అడుగుల దూరం నుంచి చూస్తే అది కంటికి 28 డిగ్రీలే. అదే 40 అడుగుల తెరను మధ్య వరుసలో 45 అడుగుల నుంచి చూస్తే 48 డిగ్రీలు. పెద్ద తెరే చిన్నగా కనబడుతుంది. తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం దాటకుండా కూర్చుంటే ఏ హాలైనా ఫరవాలేదు.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. 3డీ కోసం వెండిపూత తెర వేసిన హాల్లో టూడీ సినిమా చూస్తే వెలుగంతా మధ్య సీట్ల వైపే తిరిగి వస్తుంది, పక్క సీట్లకు మసక. రెండుచోట్లా ఈ తెరలున్నాయి. అదే స్క్రీన్‌లో 3డీ షోలు కూడా వేస్తుంటారా అన్నది యాప్‌లో చూడండి. వేస్తుంటే అనుమానించాలి. అలాంటిచోట ఆరుగురూ ఒకే వరుసలో బారుగా కూర్చుంటే చివరనున్న ఇద్దరికీ సాయంత్రం ఆరు దాటినట్టే. ముగ్గురు ఒక వరుసలో, ముగ్గురు సరిగ్గా వాళ్ళ వెనక వరుసలో తీసుకోండి.

మెట్ల_లెక్క
డిగ్రీలు బాగానే ఉన్నాయి గానీ అమ్మగారు ఆ సీటు దాకా చేరాలి కదా! మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మొదట లెక్కపెట్టాల్సింది మెట్లు.

బాల్కనీ అంటే బయట ఒక అంతస్తు ఎక్కాలి, లోపలికెళ్ళాక వరుస వరుసకూ మళ్ళీ మెట్లు. లిఫ్ట్ ఉన్న పాత హాళ్ళు తక్కువ. అలాగని మాల్‌లో లిఫ్ట్ ఉందని సంబరపడొద్దు. లిఫ్ట్ లాబీ దాకే. కొన్ని స్క్రీన్లలో తలుపు కింద, తెర పక్కనే తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి పన్నెండో వరుసకు, వరుసకు రెండు మెట్ల చొప్పున 24 మెట్లు. చీకట్లో, చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు. దిగడం ఇంకా కష్టం, మోకాలి మీద బరువు పడేది అప్పుడే. కొన్ని స్క్రీన్లలో తలుపు మధ్య వరుసల దగ్గర ఉంటుంది, అవి బంగారం. కాబట్టి హాల్‌కు ఫోన్ చేసి అడగాల్సింది ఒకటే ప్రశ్న: "ఫలానా స్క్రీన్‌లో లోపలికి వచ్చే తలుపు ఏ వరుస దగ్గర?" ఆ వరుసకు ఒకటి రెండు అటూ ఇటూగా చూసి బుక్ చేసుకోండి.

వరుస అక్షరాలు చూసి కూడా మోసపోవద్దు. ఒక హాల్లో 'A' వరుస తెర ముందుంటే, ఇంకో హాల్లో అన్నిటికన్నా వెనకాల ఉంటుంది. యాప్ పటంలో తెర గుర్తు ఎటువైపుందో చూశాకే డబ్బు కట్టండి.

నా ఓటు మల్టీప్లెక్స్‌కే, అదీ తలుపు మధ్యలో ఉంటేనే.

కృష్ణలంక
రేటు గురించి ఒక మాట. హైదరాబాద్ సింగిల్ స్క్రీన్ 177 అంటున్నారు, మా విజయవాడలో మల్టీప్లెక్స్ మామూలు సీటే 177. మా దగ్గర మల్టీప్లెక్స్‌కే 150, దాని మీద జీఎస్టీ. ఏపీ వాళ్ళు ఈ చర్చ చదివి "సింగిల్ స్క్రీన్ చవక" అని గుడ్డిగా వెళ్ళకండి, మన దగ్గర తేడా అంత లేదు.

పసిపిల్లల_అమ్మ
నాలుగేళ్ళ బాబు సంగతి ఎవరూ మాట్లాడరేం? యూఏ 13+ అంటే రానివ్వరని కాదు, తల్లిదండ్రులు చూసుకుని తీసుకురండి అని సూచన. 'A' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ సినిమా అయితే బాబునే కాదు, పదో తరగతి పిల్లనూ గేటు దగ్గరే ఆపేస్తారు.

నా భయం చప్పుడు. ఫ్యాన్స్ నిండిన సింగిల్ స్క్రీన్‌లో ఈలలకూ కాగితాలకూ బాబు హడలిపోతాడు.

ప్రొజెక్టర్_గది
చప్పుడుకు హాల్ రకంతో సంబంధం లేదండీ. సినిమా మిక్సింగ్‌లో ముందువైపు ఒక్కో ఛానెల్‌ను 85 డెసిబెల్స్‌కు సరిచూస్తారు, పీక్‌లో ముందు స్పీకర్ 105 దాకా వెళ్ళగలదు. హాల్లో సౌండ్ ప్రాసెసర్ మీద వాల్యూమ్ 7 అంటే ఆ స్థాయి. జనం నిండితే ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి, దానికితోడు ఈలలు, అందుకని ఆపరేటర్ పెంచుతాడు. ఖాళీ హాల్లో అదే అంకె చెవులు పగలగొడుతుంది. డాల్బీ అట్మాస్ సౌండ్ అంటే గట్టిగా వినిపించేది అనుకుంటారు, కాదు. పైకప్పులో కూడా స్పీకర్లుంటాయి, అంతే.

బాబును గోడ పక్క సీట్లో కూర్చోబెట్టకండి, సరౌండ్ స్పీకర్ అక్కడ చెవికి ఆరేడు అడుగుల్లోనే ఉంటుంది. దూదితో పెద్దగా లాభం లేదు. పిల్లల ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి, అవి కొనండి. ఇంట్లో రెండు రోజులు పెట్టి అలవాటు చేయకపోతే హాల్లో పీకి పారేస్తాడు.

నైజాం_పోరడు
అక్కా, ఈలలు మొదటి రెండు మూడు రోజుల ముచ్చట. రెండో ఆదివారం మార్నింగ్ షోకు ఎవడు ఈల ఏస్తడు? సగం హాల్ ఫ్యామిలీలే ఉంటరు.

ఇంగ మాల్‌ల బండి బయటికి తీసుడు ఒక సినిమా. నాలుగు స్క్రీన్లు ఒక్కపాలి వదిలితే ర్యాంప్ మీదనే అర్ధగంట. అన్న ఇల్లు మలక్‌పేట, మెట్రోల పోవచ్చు. ఒక్క స్టేషన్ పోతే ఎంజీబీఎస్. ఆడ ఆకుపచ్చ లైన్‌కు మారితే సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్. స్టేషన్‌లల్ల లిఫ్ట్ ఉంది, అమ్మకు మెట్ల బాధ లేదు.

లెక్కల_మాస్టారు
మెట్రో మాట బాగుంది. బండే తీసుకెళ్తే మాత్రం మాల్‌లో పార్కింగ్ రుసుము అడగ్గానే కట్టెయ్యకండి. 2018 నుంచి ఇక్కడ మొదటి అర్ధగంట అందరికీ ఉచితం. గంట దాటినా సినిమా టికెట్ విలువ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువైతే కట్టక్కర్లేదు. టికెట్ చూపించండి.

మెట్ల_లెక్క
షో సమయం కూడా తేల్చుకోండి. మ్యాట్నీ అయితే పదో తరగతి పిల్లకు ఆదివారం మొత్తం పోతుంది: భోంచేసి బయల్దేరితే ఇల్లు చేరేసరికి ఆరు. ఫస్ట్ షో అయితే రాత్రి పది, పొద్దున్నే బడి. 11 గంటల మార్నింగ్ షో నయం, రెండు దాటగానే బయటపడతారు, సాయంత్రం చదువుకు మిగులుతుంది. మల్టీప్లెక్స్‌లో అయితే ప్రకటనలకు ఇంకో పావుగంట కలుపుకోండి.

చిక్కల్లా నాన్నగారి భోజనం దగ్గరే. ఒంటిగంటకు తినే మనిషి అప్పుడు సెకండాఫ్‌లో ఉంటారు. టిఫిన్ పదింటికి జరిపి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడగండి. బయటి తిండి వద్దనే హక్కు హాల్ వాళ్ళకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే శుభ్రమైన మంచినీళ్ళు ఉచితంగా పెట్టాలనీ, పసిపిల్లల తిండి రానివ్వాలనీ కూడా అదే తీర్పులో ఉంది. షుగర్ వాళ్ళ గురించి అందులో ప్రత్యేకంగా లేదు. నాలుగు బిస్కెట్లు, మాత్రల పెట్టె గేటు దగ్గర దాచకుండా మేనేజర్‌కు చూపించి అడగడమే మేలు, పెద్దాయన్ని చూసి సాధారణంగా కాదనరు.

మలక్‌పేట_మధ్యతరగతి
అందరికీ థాంక్స్. మెట్రో, 11 గంటల షో, మూడూ మూడుగా రెండు వరుసలు: ఇంతవరకూ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. క్రాస్ రోడ్స్‌కే వెళ్తే బాల్కనీ మానేసి కింద ఫస్ట్ క్లాస్‌లో కూర్చుంటే? ఏటవాలు నేలే కదా, మెట్లుండవు.

మెట్ల_లెక్క
అది నాకు తట్టలేదు సుమా. ఏటవాలు నేలైతే అమ్మగారికి బాల్కనీ కన్నా, మాల్ కన్నా సుఖం. నా ఓటు మార్చుకుంటున్నా. వరుస చివర నడవా సీటు ఆవిడకివ్వండి, కాలు చాపుకోవచ్చు.

నైజాం_పోరడు
కింద కూసుంటే ముందున్నోడి తలకాయ అడ్డం రాదా? పాత హాళ్ళల్ల ఏటవాలు తక్కువుంటది. బాబుకు ఏం కనబడదు.

ప్రొజెక్టర్_గది
వస్తుంది. బాబును ఒళ్ళో పెట్టుకోవాల్సిందే, టికెట్ కొన్నా సరే. ఇంకో జాగ్రత్త: కింద హాల్లో వెనక వరుసల మీదికి బాల్కనీ స్లాబ్ వచ్చి ఉంటుంది. దాని కింద కూర్చుంటే పైకప్పు స్పీకర్లు వినపడవు, మాటలు బొంగురుగా వస్తాయి. స్లాబ్ అంచు దాటి ముందుకు రెండు మూడు వరుసలు తీసుకోండి. యాప్ పటంలో ఇది కనబడదు, కౌంటర్‌లోనే అడగాలి. నడవా సీటు కూడా మధ్య నడవా వైపుదే చూడండి, గోడ వైపుది కాదు.

మలక్‌పేట_మధ్యతరగతి
శనివారం సాయంత్రం కౌంటర్‌కే వెళ్తా. స్లాబ్ ఏ వరుస దాకా ఉంది, మధ్య నడవా ఎక్కడుంది, రెండూ అడిగి ఇక్కడ పెడతా. మా ఆవిడ మాత్రం ఇంకా మాల్ అనే అంటోంది, సినిమా అయ్యాక పిల్లకు బట్టలు కొనాలట.

లెక్కల_మాస్టారు
అయితే ఆ 708 సంగతి ఇక మర్చిపోండి.