కుడిచేతి జెండా టాటూలో ఆకుపచ్చ మాత్రం పోవట్లేదు, ఎస్‌ఎస్‌సీ జీడీ మెడికల్‌ ఎలా?

మా తమ్ముడు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) ద్వారా కేంద్ర బలగాల్లో జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. కుడి ముంజేతి లోపలివైపు సుమారు 5 సెం.మీ. మూడు రంగుల జెండా టాటూ ఉంది. రూల్ ప్రకారం ముంజేతి మీదైతే సెల్యూట్ చేయని ఎడమచేతికే, అదీ లోపలివైపే ఉండాలి. సైజు ఆ భాగంలో పావువంతు దాటకూడదు. దేశం మీద ప్రేమతో వేయించుకున్నదే అడ్డొస్తోందని వాడు చాలా కుమిలిపోతున్నాడు.

అందుకే టాటూ తీయించడానికి క్యూ-స్విచ్డ్ లేజర్ (అతి చిన్న పల్స్‌లతో ఇంకుని పగలగొట్టేది) చేయిస్తున్నాం, ఆరు వారాలకోసారి. 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో నల్ల అంచు దాదాపు పోయింది, 532తో కాషాయం సగం తగ్గింది. కింద ఆకుపచ్చ పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. పోయినసారి పవర్ పెంచితే నీటిబొబ్బలు లేచాయి, మానాక చుట్టూ చర్మం తెల్లబడింది. అందుకే ప్రస్తుతానికి ఆపేశాం. మా నాయనమ్మ చేతికున్నట్టు దీపం మసితో పొడిచిన పచ్చబొట్టయితే 1064 ఒక్కటే సరిపోయేది. ఇప్పటి మెషిన్ టాటూల్లో ఒక్కో రంగు ఇంకుకి ఒక్కో తరంగదైర్ఘ్యం కావాలి. ఆకుపచ్చకి 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ వాడతారని చదివాను, మేం వెళ్లే క్లినిక్‌లో ఆ మెషిన్ లేదు.

755తో ఆకుపచ్చ తీయించుకుని, మిగిలిన తెల్లమచ్చతోనే మెడికల్‌లో ఫిట్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?