మిగతా డబ్బు ఇవ్వకపోతే పెళ్ళి ఫొటోలు ఆపుకోవచ్చా?

పేట_క్లిక్:
మాది నరసరావుపేటలో చిన్న స్టూడియో. నేనూ మా బావమరిదీ కలిసి పెట్టి రెండేళ్ళయింది. మాఘంలో ఒక పెళ్ళి చేశాం. ఫొటో, వీడియో, డ్రోన్, రెండు ఆల్బమ్‌లు అన్నీ కలిపి 1,40,000కి మాట. అడ్వాన్స్ 20,000, పెళ్ళిరోజు 60,000 ఇచ్చారు. మిగతా 60,000 ఆల్బమ్ చేతికొచ్చాక అన్నారు, సరే అన్నాను.

ఆల్బమ్ కొట్టాలంటే సెలెక్షన్ కావాలి. స్టూడియోకి రమ్మంటే అమ్మాయి వాళ్ళు "అబ్బాయి వాళ్ళు కూడా చూడాలి" అంటారు. వాళ్ళనడిగితే అబ్బాయి బెంగళూరులో ఉన్నాడంటారు. ఇట్లా ఐదు నెలలు. ఇప్పుడేమో డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వమని, ఆల్బమ్ సంగతి తర్వాత చూద్దామని ఫోన్. డబ్బు కడితే ఇస్తానన్నాను. అంతే, గూగుల్‌లో ఒక్క స్టార్ పెడతామని, స్టేషన్‌కి వెళ్తామని మొదలుపెట్టారు. ఊళ్ళో పేరు పోతుంది, ఇచ్చేద్దాం అంటాడు బావమరిది. నాకు కెమెరా ఈఎంఐ నెలకు 14,200. ఆషాఢం వచ్చింది, శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. ఈఎంఐకి ఆషాఢం ఉండదు కదా. ఫొటోలు ఆపడం తప్పంటారా?

తెనాలి_పాత_స్టూడియో:
ఇవ్వకు తమ్ముడూ. పెన్‌డ్రైవ్ చేతికెళ్ళిన రోజే ఆల్బమ్ మీద మోజు పోతుంది, నీ 60,000 కూడా దాంతోనే పోతుంది. నేను 1998 నుంచి ఈ పనిలో ఉన్నాను. రీలు రోజుల్లో నెగెటివ్‌లు కవర్లో పెట్టి, నంబరేసి మా దగ్గరే ఉంచుకునేవాళ్ళం. ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు అందరికీ "డేటా" కావాలి. నా బీరువాలో ఇప్పటికి పదకొండు ఆల్బమ్‌లు ఉన్నాయి, ప్రింటింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నవి. ఒకటి తొమ్మిదేళ్ళ నాటిది. ఎర్ర వెల్వెట్ పెట్టె, పైన ఇద్దరి పేర్లూ బంగారు అక్షరాల్లో. వాళ్ళిద్దరూ ఇప్పుడు కలిసి లేరు. ఇంక ఎవరొచ్చి తీసుకెళ్తారు? డబ్బు ఎవరిస్తారు?

చెల్లి_పెళ్ళి_చేసినోణ్ణి:
మా వైపు కూడా కాస్త వినండి. మా చెల్లి పెళ్ళికి ఫొటోగ్రాఫర్ 45 రోజుల్లో ఆల్బమ్ అన్నాడు. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఫోన్ ఎత్తడు, ఎత్తితే "ప్రెస్‌లో ఉందన్నా" అంటాడు. ఆ కాస్త బ్యాలెన్స్ మా చేతిలో ఉండబట్టి వచ్చింది కానీ, మొత్తం ముందే కట్టి ఉంటే ఈపాటికి మా మేనకోడలికి అన్నప్రాసన కూడా అయిపోయేది, ఆల్బమ్ మాత్రం వచ్చేది కాదు. మీరు ఫొటోలు పట్టుకు కూర్చున్నట్టే మేం డబ్బు పట్టుకు కూర్చుంటాం. ఇందులో దొంగ ఎవరో ఎట్లా చెప్తారు?

గుంటూరు_అడ్వకేట్:
ఇద్దరికీ నచ్చని మాట ఒకటి చెప్తాను. తీసింది మనమే కాబట్టి ఫొటోలు మనవే అనుకుంటారు ఫొటోగ్రాఫర్లు. మన దేశంలో అట్లా లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్, (బి) క్లాజు చూడండి. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వీడియోకి కూడా, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. అమెరికాలో దీనికి రివర్స్, అక్కడ మామూలుగా హక్కు తీసినవాడిది. యూట్యూబ్‌లో అక్కడివాళ్ళ వీడియోలు చూసి మనవాళ్ళు అదే ఇక్కడా అనుకుంటున్నారు.

అంతమాత్రాన మీ బాకీ రద్దయిపోదు. కాపీరైట్ వేరు, మీకు రావాల్సిన కూలి వేరు. డబ్బు అడగండి, నోటీసు ఇవ్వండి. "డిలీట్ చేస్తా" అని మాత్రం ఎప్పుడూ అనకండి. వాళ్ళని అడగకుండా వాళ్ళ ఫొటోలు మీ ఇన్‌స్టాలో పెట్టకండి. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే దారి వాళ్ళకీ ఉంది. ఇంతకీ బిల్లు రాశారా? జీఎస్‌టీ లేదు కదా బిల్లెందుకు అంటారు చాలామంది. సేవలకైతే మన రాష్ట్రాల్లో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. దాటకపోయినా మామూలు బిల్లు రాసుకోవచ్చు.

పేట_క్లిక్:
బిల్లు లేదు సార్. వాట్సాప్‌లో ప్యాకేజీ ఫొటో పంపాను, "ఓకే అన్నా" అని రిప్లై ఉంది.

గుంటూరు_అడ్వకేట్:
ఉత్త నోటిమాట కన్నా నయమే. ఆ చాట్ పోనీకండి.

మిక్సింగ్_బాబు:
మీరూ మీరూ కొట్టుకోండి, బాగుంది. వీడియో మిక్సింగ్ చేసి నాలుగు నెలలయింది, స్టూడియో ఓనర్ "పార్టీ ఇవ్వలేదు, ఇవ్వగానే నీకు" అంటాడు. ఆ పార్టీ ఎవరో నాకు తెలియదు. వాళ్ళ అప్పగింతల్లో వాళ్ళమ్మ ఏడ్చిన షాట్ మాత్రం నలభైసార్లు చూశాను. డ్రోన్ అబ్బాయికి ఆ రాత్రే ఇస్తారు, లైట్లు పట్టుకునే కుర్రాడికి ఆ రాత్రే ఇస్తారు. ఇంట్లో కూర్చుని పనిచేసేవాడికి మాత్రం ఆల్బమ్ రోజు!

మణికొండ_క్యాండిడ్:
బాబు చెప్పిందే అసలు రోగం. చివరి వాయిదాని ఆల్బమ్‌కి కట్టేశారు. ఆల్బమ్ సెలెక్షన్‌కి కట్టేసి ఉంది, సెలెక్షన్ రెండిళ్ళ మధ్య కట్టేసి ఉంది. మీ చేతిలో లేని పనికి మీ డబ్బు ఎందుకు ముడిపెట్టుకుంటారు? నేనూ మొదటి ఏడాది ఇట్లాగే మూడు పెళ్ళిళ్ళ బాకీలు మోశాను. ఇప్పుడు బుకింగ్‌కి సగం. పెళ్ళికూతుర్ని చేసే రోజు ఇంకో 40 శాతం, కెమెరా బ్యాగ్ తెరవకముందే. పెళ్ళిరోజు అస్సలు అడగను. తలంబ్రాల టైమ్‌లో ఆ తండ్రి జేబులు తడుముకోవడం చూశాక మానేశాను. మిగతా 10 శాతం ఫొటోల లింక్ ఇచ్చినప్పుడు. ఆల్బమ్‌కి బిల్లే వేరు, కావాలంటే చేయించుకుంటారు. 30 రోజుల్లో సెలెక్షన్ రాకపోతే నేనే ఎంచుతానని ముందే రాసి సంతకం తీసుకుంటాను.

తెనాలి_పాత_స్టూడియో:
మేడమ్, అది హైదరాబాద్‌లో నడుస్తుంది. మా దగ్గర ముందే 90 శాతం అడిగితే "మా మీద నమ్మకం లేదా" అని పక్క స్టూడియోకి పోతారు. వాళ్ళ తాత పెళ్ళి ఫొటో తీసింది మా నాన్న.

మణికొండ_క్యాండిడ్:
ఫంక్షన్ హాల్‌కి ముందే కట్టి తాళాలు తీసుకుంటారు కదండీ? అక్కడ నమ్మకం మాట ఎవరూ ఎత్తరే!

చెల్లి_పెళ్ళి_చేసినోణ్ణి:
ఫంక్షన్ హాల్ వాడు "హాలు ప్రెస్‌లో ఉంది" అనడు మేడమ్. అయినా లింక్ రోజుకి 10 శాతమే అంటే నాకు ఓకే, అన్ని ఫొటోలూ కళ్ళతో చూశాకే కాబట్టి.

తెనాలి_పాత_స్టూడియో:
ఇవ్వకు అని గట్టిగా చెప్పాను గానీ, ఒకసారి నేనే ఇచ్చాను. బాకీ ఉన్న ఇంటి పెద్దాయన పొద్దున్నే వచ్చాడు, షాపు షట్టర్ సగమే లేపి ఉంది. వాళ్ళమ్మ పోయిందట, పెద్దకర్మకి ఫొటో కావాలి. ఇంట్లో ఉన్నవి ఆధార్ ఫొటో, రేషన్ కార్డు ఫొటో. బాగా పడింది నేను పెళ్ళిలో తీసినదొక్కటే. ఆకుపచ్చ పట్టుచీర, నోట్లో తమలపాకు, ఎవర్నో చూసి నవ్వుతోంది. పక్కనున్నవాళ్ళని తీసేసి, 12 బై 18లో ప్రింటు కొట్టి ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. బాకీ ఊసెత్తలేదు. కట్టారా అని అడక్కండి, సగం కట్టారు.

పేట_క్లిక్:
అప్‌డేట్ చెప్పాలి కదా. అడ్వకేట్ సార్, మేడమ్ చెప్పినవి కలిపి చేశాను. ఫొటోలన్నీ చిన్న సైజులో, మీద స్టూడియో పేరు అడ్డంగా వేసి రెండిళ్ళకీ లింక్ పంపాను. ఒరిజినల్స్‌కి 45,000, మిగతా 15,000 ఆల్బమ్ రోజు అన్నాను. ఒకరోజంతా ఎవరూ మాట్లాడలేదు. రెండోరోజు అమ్మాయి నాన్న 25,000 ఫోన్‌పే చేశాడు, మిగతాది శ్రావణంలో అన్నాడు. ఒరిజినల్స్ ఇంకా ఇవ్వలేదు. మిక్సింగ్ మా దగ్గర చేసే తమ్ముడికి వెంటనే 6,000 పంపాను, మన బాబు మాట గుర్తొచ్చి. సెలెక్షన్ మొదలైంది. 312 ఫొటోలు ఎంచారు, అందులో అబ్బాయి మేనత్త ఒక్కదాంట్లో కూడా లేదట. ఆవిడ స్టూడియోకి వస్తోంది.