మూడేళ్ల వ్యూహాత్మక ప్రణాళికకు లక్ష్యాలు ఎలా రాయాలి, ఎన్ని ఉండాలి?

ప్రశ్న:

నమస్కారం. బడి మానేసిన పిల్లలను తిరిగి చదువులోకి తీసుకువచ్చే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను కార్యక్రమాల బాధ్యత చూస్తున్నాను. రాబోయే మూడేళ్లకు వ్యూహాత్మక ప్రణాళిక తయారు చేయాలని మా పాలకమండలి నిర్ణయించింది. సిబ్బంది, సభ్యులు కలిసి చర్చించగా పద్నాలుగు లక్ష్యాలు తేలాయి. వాటిలో కొన్ని 'నాణ్యమైన విద్యను ప్రోత్సహించడం' వంటివి, మరికొన్ని 'ఏటా 40 అవగాహన సదస్సులు నిర్వహించడం' వంటివి. మొదటి రకం ఎప్పటికి నెరవేరినట్టో చెప్పలేము; రెండో రకం పూర్తిగా నెరవేరినా పిల్లల పరిస్థితి మారిందో లేదో తెలియదు. పైగా తలా ఒకటి సూచించారు కనుక దేనిని తీసివేయాలన్నా మొహమాటం అడ్డు వస్తోంది. ఈ జాబితాను ఎలా చక్కదిద్దాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం:

మీరు చెప్పిన రెండు రకాల్లో ఒకటి సంస్థ ధ్యేయానికి చెందిన వాక్యం, మరొకటి వార్షిక కార్యాచరణకు చెందిన పని. వ్యూహాత్మక లక్ష్యం ఈ రెండింటికీ నడుమ ఉండాలి. సదస్సుల వంటి ప్రతి అంశం దగ్గరా 'దీనివల్ల ఎవరికి ఏమి మారుతుంది?' అని అడుగుతూ పోండి. సదస్సుల వల్ల తల్లిదండ్రులకు విషయం తెలుస్తుంది, తెలిస్తే పిల్లలను బడిలో చేర్పిస్తారు, చేరిన పిల్లలు చదువు కొనసాగిస్తారు అని మీరు అనుకుంటున్నారు. ఈ గొలుసులో మీ సంస్థ నిజంగా ప్రభావం చూపగల చివరి మెట్టు ఏదో అక్కడ లక్ష్యాన్ని నిలపాలి. ఉదాహరణకు, 'మూడో సంవత్సరం ముగిసే నాటికి, మా ద్వారా బడిలో తిరిగి చేరిన ప్రతి పదిమంది పిల్లల్లో ఎనిమిదిమంది కనీసం ఒక పూర్తి విద్యాసంవత్సరం చదువు కొనసాగించాలి' అని రాయవచ్చు.

అయితే ఆ ఎనిమిది అనే అంకె గాలిలోంచి రాకూడదు. ఇప్పుడు పదిమందిలో ఎంతమంది నిలుస్తున్నారో ముందు తెలియాలి. ఆ లెక్క మీ దగ్గర లేకపోతే, మొదటి సంవత్సరం ఆ లెక్క తేల్చడానికే కేటాయించి, అంకెను ఆ తరువాత నిర్ణయించుకోండి. ప్రణాళికలో అక్కడ ఖాళీ వదిలినా తప్పేమీ లేదు. 'కొనసాగించడం' అంటే హాజరు పట్టీలో పేరు ఉండటమా, నిర్దిష్ట శాతం హాజరా, ఊరు మారి వెళ్లిన పిల్లలను ఏ పద్దులో చూపాలి అనే సంగతులు కూడా ముందే రాసుకోవాలి. లేకపోతే మూడేళ్ల తరువాత ఎవరికి అనుకూలమైన లెక్క వారు చూపుతారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఎనిమిదిమంది నిలవాలని పట్టుబడితే, తేలికగా నిలిచే పిల్లలనే చేర్చుకోవాలనే ధోరణి సిబ్బందిలో తెలియకుండానే మొదలవుతుంది. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం సందర్భంలో చేసిన పరిశీలన ఇటువంటిదే. కొలమానం మీద ఒత్తిడి పెరిగితే అది కొలమానంగా పనికిరాకుండా పోతుందనే అర్థంలో దానిని ఇప్పుడు అన్ని రంగాల్లోనూ ఉదహరిస్తున్నారు. అందువల్ల ఆ లక్ష్యం పక్కనే, కొత్తగా చేరుతున్న వారిలో ఎక్కువ కాలం బడికి దూరమైన పిల్లల వాటా తగ్గకూడదనే షరతును కూడా చేర్చండి.

రెండో సమాధానం:

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక విషయం చేర్చుతాను. లక్ష్యాలకు 'స్మార్ట్' కొలబద్దను (ఐదు షరతుల ఆంగ్ల మొదటి అక్షరాలతో ఏర్పడిన పేరు) ప్రతి శిక్షణలోనూ చెబుతారు. నిర్వహణ సలహాదారు జార్జ్ డోరన్ 1981లో దానిని ప్రతిపాదించినప్పుడు నిర్దిష్టత, కొలవగలగడం, వాస్తవికత, గడువులతో పాటు, పనిని ఎవరికి అప్పగించాలో తేల్చడం కూడా ఐదింటిలో ఒకటి. ఇప్పుడు చాలాచోట్ల దాని స్థానంలో 'సాధ్యమయ్యేది' అని చెబుతున్నారు. నా దృష్టిలో చిన్న సంస్థలకు ఎక్కువ అవసరమైనది ఆ పాత షరతే. పద్నాలుగు లక్ష్యాలకూ ఎదురుగా బాధ్యుల పేర్లు రాసి చూడండి. బహుశా ఒకే ఇద్దరి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అప్పుడు జాబితా ఎందుకు తగ్గించాలో ఎవరికీ వివరించనక్కర ఉండదు, మీ మొహమాటమూ కొంత తీరుతుంది.

మూడో సమాధానం:

నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. పిల్లల జీవితాల్లో వచ్చే మార్పే లక్ష్యమంటూ అన్నింటినీ ఒకే గాటన కట్టవద్దు. సంస్థ ఆదాయంలో అధిక భాగం ఒకే దాత నుంచి వస్తుంటే, ఆ దాత తప్పుకున్న రోజున ఎంత మంచి లక్ష్యమైనా ఆగిపోతుంది. కాబట్టి నిధుల మూలాలను పెంచడం, కొన్ని నెలల ఖర్చుకు సరిపడే నిల్వ ఏర్పరచడం వంటి ఒకటి రెండు అంతర్గత లక్ష్యాలు తప్పనిసరి. మొత్తం మీద నాలుగైదు లక్ష్యాలకు మించకుండా చూసుకోండి, ప్రతిదానికీ అయ్యే ఖర్చును అంచనా వేయండి. అలాగే ఈ మూడేళ్లలో ఏ పనిని మానుకుంటారో ప్రణాళికలో స్పష్టంగా రాయండి. నేను చూసిన ప్రణాళికలన్నింటిలోనూ కొత్త పనులు చేరాయే తప్ప పాతవి తగ్గలేదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. మా ప్రధాన దాత నివేదికలో సదస్సుల సంఖ్యనే అడుగుతారు. లక్ష్యాల నుంచి దానిని తొలగిస్తే ఇబ్బంది రాదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

రాదు. అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ కోసం 1969 ప్రాంతంలో రూపొందించిన లాగ్‌ఫ్రేమ్ (ప్రాజెక్టు ప్రణాళికను ఒకే చోట చూపే) పట్టిక నుంచి నేటి దాతల నమూనాల వరకు చాలావాటిలో పనులు, వాటి ద్వారా నేరుగా అందేవి, వాటివల్ల వచ్చే మార్పు వేర్వేరు వరుసల్లోనే ఉంటాయి. సదస్సుల సంఖ్యను వార్షిక కార్యాచరణ పత్రంలో ఉంచి, దాతకు అక్కడి నుంచే నివేదించండి. వ్యూహాత్మక ప్రణాళికలో మాత్రం అది కనిపించనక్కర లేదు. వీలైతే ముసాయిదా దశలోనే ఆ దాతకు ఒక ప్రతి పంపి, వచ్చే ఒప్పందంలో పిల్లలు చదువులో నిలిచిన లెక్కను కూడా నివేదికాంశంగా చేర్చగలరేమో అడగండి. కొందరు దాతలు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే రెండు లెక్కలూ విడివిడిగా నిర్వహించాల్సి వస్తుంది కనుక, దానికి పట్టే సిబ్బంది సమయాన్ని బడ్జెట్‌లో ఇప్పుడే చూపించండి.