సమస్య: "గేరు పెరిగినంత జోరు తగ్గు"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. గేరు–జోరు ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరం కలవడం) కుదిరింది కాబట్టి పాదాన్ని ముట్టుకోవద్దు. మన దేవరకొండ తమ్ముడు డల్లాస్‌లో పాత షెవీ నోవా (అమెరికన్ కారు) రేసుకు తయారుచేసుకుంటున్నాడు. వారమంతా ఆఫీసుకు అదే బండి, శనివారం రాత్రి డ్రాగ్ స్ట్రిప్ (సూటి రేసు దారి) మీద పావు మైలు, అంటే 402 మీటర్లు. గేర్‌బాక్స్ ఏది, వెనక యాక్సిల్‌లో పెద్ద క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పీనియన్ అనే పళ్ల చక్రాల జత ఏది అని అడిగాడు. జవాబు పద్యంలో చెబుదాం. విద్వద్గద్వాల అని పేరున్న నేల మనది, ఇనుము మీద చెప్పినా పద్యం నిలబడాలి. ఏ గేరు పెరిగితే ఏ జోరు తగ్గిందో పై మూడు పాదాల్లోనే తేలాలి.

జడ్చర్ల అక్క:

వెనుక యాక్సిలందు పెద్ద సంఖ్యను వేయ
మొదటి పరుగు మిగుల ముందు సాగు
దారి పొడవునందు దద్దరిల్లగ బండి
గేరు పెరిగినంత జోరు తగ్గు

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. వె–పె యతి సరిపోయింది. విషయం కూడా నిజమే. క్రౌన్‌కు 41 పళ్లు, పీనియన్‌కు 10 పళ్లు ఉంటే రేషియో 4.10. చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు చుట్ల పైచిలుకు తిరగాలి. 40కి 13 అయితే 3.08. మన జడ్చర్ల–కొత్తకోట రోడ్డు లాంటి హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో, 26 అంగుళాల టైరుతో, డైరెక్ట్ (1:1) గేరులో పోతే 4.10కి ఇంజను నిమిషానికి సుమారు 3290 చుట్లు, అంటే 3290 ఆర్‌పీఎం తిరుగుతుంది. 3.08కి 2470 చాలు. ఒక్క అభ్యంతరం ఉందక్కా. దద్దరిల్లేది ఇంజను, బండి కాదు. బండే దద్దరిల్లితే షాఫ్ట్ బ్యాలెన్స్ చూసుకోవాలి. మూడో పాదం మళ్లీ రాయండి.

నకిరేకల్ మాస్టారు:

మొదటి గేరులోన మూడు రెట్లగు లాగు
పైకి మార్చ బలము పలచబారు
చక్రమునకు నందు సత్తువే జోరన్న
గేరు పెరిగినంత జోరు తగ్గు

మిర్యాలగూడ మెకానిక్: మాస్టారూ, 'పలచబారు' దగ్గర చేతులెత్తి మొక్కాను. కానీ 'మూడు రెట్లు' అన్ని డబ్బాలకూ (గేర్‌బాక్స్‌లకూ) చెల్లదు. నాలుగు గేర్ల ఆటోమేటిక్ డబ్బా 700ఆర్4లో మొదటి గేరు 3.06, అక్కడ మీ మాట ఖాయం. మూడు గేర్ల టర్బో 400లో 2.48 మాత్రమే. వెనక 4.10 వేస్తే మొదటి గేరులో 700ఆర్4కి మొత్తం పన్నెండున్నర రెట్లు, టర్బో 400కి పది రెట్ల పైన. ఎక్కువ ఉన్నదే మేలు అనుకోవద్దు. రోడ్డు టైరు అంత లాగుడు తట్టుకోక ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఇంకోటి, 6000 ఆర్‌పీఎం దగ్గర రెండో గేరు పడితే 700ఆర్4లో ఇంజను 3200కి కూలబడుతుంది, ఎందుకంటే రెండోది 1.63. టర్బో 400లో రెండోది 1.48, కాబట్టి 3580 దగ్గర ఆగుతుంది. స్ట్రిప్ మీద ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

నిర్వాహకుడు: మాస్టారి మూడో పాదం ఇప్పటిదాకా వచ్చిన వాటిలో మేలైనది. జోరు అంటే ఏమిటో అక్కడే తేల్చేశారు.

కొల్లాపూర్ చెల్లెలు (మొదటి ప్రయత్నం):

పెద్ద టైరు వేయ రేషియో తగ్గును
మొదట మెల్లగాను ముందు కదులు
దాని సరిగ జేయ దంతములను బెంచ
గేరు పెరిగినంత జోరు తగ్గు

నిర్వాహకుడు: అమ్మా, ఆలోచన చాలా బాగుంది, టైరు సంగతి ఇంకెవరికీ తట్టలేదు. 26 అంగుళాలది తీసి 28 వేస్తే 4.10 కాస్తా 3.81 లాగా నడుస్తుంది. మొదటి పాదంలో పె–రే యతి తప్పింది. 'పెద్ద టైరు వేయ వెనుక రేషియొ తగ్గి' అంటే పె–వె కుదురుతుంది, 'తగ్గి' వల్ల రెండో పాదానికి అన్వయమూ కలుస్తుంది. 'దంతములను' దగ్గర 'క్రౌన్' అన్న సూచన ఉంటే ఇంకా స్పష్టం. పీనియన్ పళ్లు పెంచితే రేషియో తగ్గుతుంది కదా.

చౌటుప్పల్ అన్న:

నాలుగొకటి క్రౌను నమ్మకమ్ముగ వేసి
మూడు గేర్ల డబ్బ ముందు పెట్ట
హైవె మీద పోవ నరుపు తగ్గదు గాని
గేరు పెరిగినంత జోరు తగ్గు

జడ్చర్ల అక్క: హై–న యతి ఎట్లా?

నిర్వాహకుడు: పోవన్ + అరుపు. అక్కడ ఉన్నది అచ్చు 'అ', హకారానికి దానితో మైత్రి ఉంది. అరుపు తగ్గదు, జోరు తగ్గుతుంది అన్న ఎదురుబొదురు ఈ సమస్యకు ప్రాణం పోసింది. నా ఓటు దీనికే. డబ్బానూ క్రౌన్‌నూ విడివిడిగా ఎంచుకుంటే ఏమవుతుందో నాలుగు పాదాల్లో చూపించారు. అదే 4.10కి 700ఆర్4 జతచేస్తే నాలుగో గేరు 0.70, రెండూ గుణిస్తే 2.87. ఇందాకటి 3290 కాస్తా 2300కి దిగుతుంది.

దేవరకొండ తమ్ముడు: అందరికీ దండాలు. నా ఇంజను బలమంతా 6000 దగ్గర ఉంది. పావు మైలు చివర గంటకు 180 కిలోమీటర్ల దాకా వస్తుందని అంచనా. 4.10 ఖాయం చేయొచ్చా? ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే కన్వర్టర్‌కు స్టాల్ (అది గట్టిగా పట్టే ఆర్‌పీఎం) 2800 పెట్టుకున్నాను.

మిర్యాలగూడ మెకానిక్: 26 అంగుళాల టైరుతో మూడో గేరులో 180 దగ్గర 5930 వస్తుంది తమ్మీ, కాబట్టి 4.10 సరిగ్గా సరిపోయింది. కానీ 700ఆర్4 నాలుగో గేరులో హైవే మీద ఇంజను 2300 తిరిగేటప్పుడు నీ స్టాల్ 2800. జారకుండా నేరుగా బిగించే లాకప్ లేకపోతే కన్వర్టర్ జారుతూనే ఉంటుంది, ఆయిల్ వేడెక్కి క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి. లాకప్ ఉన్న కన్వర్టరే తీసుకో. రేడియేటర్‌లో ఉన్నదానికి తోడు విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టు. దాని మీద పద్యం మాస్టారిని అడుగుదాం.